రెండు గ్రాముల తూటా

బ్యాటరీ మార్చడం మర్చిపోయింది నేనే. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుంది.

2022 జులై ఆఖరి వారం. మేముండేది ఇంగ్లండ్ ఉత్తరపు కొసన, నార్తంబర్లాండ్‌లో ఒక పల్లె. ఇంకాస్త దూరం కారు నడిపితే స్కాట్లండ్ వచ్చేస్తుంది. ఊరిని ఆనుకుని ఒక చిన్న ఎస్టేట్, దానికో గేమ్‌కీపర్. ఆయన్ని మనసులో పెద్దాయన అనుకుంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. గేమ్‌కీపర్ అంటే వేటపక్షుల కాపరి. ఫెజెంట్ అనే కోడిజాతి పక్షుల పిల్లల్ని తెచ్చి, మేత వేసి, వాటి జోలికొచ్చే జంతువుల్ని అదుపులో పెట్టి, అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా నడిచే సీజన్‌లో డబ్బు కట్టి వచ్చే అతిథుల తుపాకుల మీదుగా అవి ఎగిరేలా చూసే ఉద్యోగం. అంతకు ముందు చలికాలం నేనక్కడ బీటర్‌గా వెళ్ళాను. కర్రకి ప్లాస్టిక్ సంచి కట్టుకుని వరుసలో నడుస్తూ పొదలు తట్టి పక్షుల్ని లేపే పని. వారమంతా ల్యాప్‌టాప్ ముందు టెస్ట్ కేసులు రాసేవాడికి శనివారం ఇలాంటిది దొరికితే పండగే. రోజుకి ముప్ఫై పౌండ్లు, ఒక జత ఫెజెంట్లు. మా ఆవిడ వాటిని నాటుకోడి పులుసులాగే వండుతుంది. మొదటిసారి పంటికింద తగిలిన గుండుని తీసి పళ్ళెం అంచున పెట్టి నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఫెజెంట్ పిల్లలు ఏడు వారాల వయసులో వస్తాయి. వాటిని చెట్ల మధ్య ఒక దొడ్డిలో వదులుతారు. మనిషెత్తు వల కంచె, పైకప్పు ఉండదు. నక్క తవ్వకుండా వల అడుగుభాగాన్ని బయటివైపుకి మడిచి మట్టి కప్పుతారు. కంచె బయట జానెడు ఎత్తులో ఒకటి, దానిమీద ఇంకొకటి కరెంటు తీగలు, పన్నెండు వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి. ఆ వారం పెద్దాయనకి నడుం పట్టేసి, బ్యాటరీ మార్చే పని నాకు అప్పజెప్పాడు. గురువారం మార్చాలి. గురువారం ఆఫీసులో రిలీజ్ ఉంది. శుక్రవారం పొద్దున ఐదింటికి ఫోన్ మోగింది. "ఒకసారి రా" అన్నాడు, అంతే.

అరవై మూడు. సంచుల్లో వేస్తూ నేనే లెక్కపెట్టాను. చాలావాటికి తలల్లేవు. నక్క ఆకలికి మించి చంపుతుందని అందరూ తిడతారుగానీ, అది దాచుకునే జంతువు. ఒక్కటి దొరికితే తింటుంది, రెండోది దొరికితే తీసుకెళ్ళి పాతిపెడుతుంది. మూడొందల పిల్లలు ఎటూ పోలేక దానిచుట్టూ కొట్టుకుంటుంటే దాని తలలో ఆగమని చెప్పే మీట ఏదీ ఉండదు. ఇదంతా తర్వాత తెలుసుకున్నదే. ఆ పూట మాత్రం తడి గడ్డిలో వంగి లేస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం పది దాటాక ఇంటిముందు ల్యాండ్‌రోవర్ ఆపి, ఎక్కమన్నాడు.

ఆ రాత్రి ఆయన తన .223 రైఫిల్‌తో నూట ఇరవై గజాల్లో ఆ నక్కని పడగొట్టాడు. ఆ నక్కేనా అంటే ఎవరు చెప్పగలరు? దొడ్డివైపు అదే దారిన వచ్చింది, అంతవరకే తెలుసు. నేను లైటు పట్టుకున్నాను. ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. తెల్లారి ఆయన్ని అడిగాను, నేనూ నేర్చుకోవాలంటే ఏం చెయ్యాలని.

"ముందు ఫారం నింపాలి" అన్నాడు.

తుపాకీ మా ఇంట్లో కొత్తేమీ కాదు. ప్రకాశం జిల్లాలో మా తాతకి పంట కాపలా లైసెన్సు మీద ఒక సింగిల్ బ్యారెల్ ఉండేది. దాన్ని ఆయన కాల్చగా నేను చూసింది ఒక్కసారి, అదీ ఆకాశంలోకి, వేరుశనగ చేలో అడవిపందుల్ని బెదరగొట్టడానికి. ఎక్కువగా చూసింది, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని పాత పంచెలో చుట్టి స్టేషన్‌లో అప్పగించడానికి బస్సెక్కడం. నక్కల్ని ఆయన ఏమీ అనేవాడు కాదు. అన్నట్టు, తెలుగులో నక్క అనే ఒక్క మాటలో రెండు జంతువులు ఇరుక్కున్నాయి. రాత్రిళ్ళు గుంపుగా ఊళవేసేది జకాల్. మెట్టపొలాల్లో బొరియలు తవ్వుకుని ఉండే, పిల్లి కన్నా కాస్త పెద్దదైన గుంటనక్కే అసలు ఫాక్స్. రెంటికీ మన 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఇక్కడిది ఎర్రనక్క, గుంటనక్కకి రెండింతలుంటుంది. ఈ దేశంలో దానికి వేట నిషేధకాలం అంటూ లేదు, కానీ ఎలా చంపకూడదో చెప్పే చట్టాలు బోలెడు. 2004 హంటింగ్ చట్టం వచ్చాక కుక్కల గుంపులతో తరమడం ఇంగ్లండ్, వేల్స్‌లో నేరం. ఉచ్చులు వేల్స్‌లో 2023లో, స్కాట్లండ్‌లో మరుసటేడు పోయాయి. ఇప్పుడు కీపర్ చేతిలో ప్రధానంగా మిగిలింది రైఫిలే.

ఏ రైఫిల్ అన్నదగ్గర నేను మొదటి తప్పు చెయ్యబోయాను. చిన్న జంతువు, చిన్న తుపాకీ చాలనుకున్నాను. కుందేళ్ళకి అందరూ వాడే .22 రిమ్‌ఫైర్ (ఆ అంకె గొట్టం వెడల్పు, అంగుళాల్లో) చవక, తూటా పేలినా పక్కింటివాడికి వినపడదు. పెద్దాయన అడ్డంగా తల ఊపాడు. ఆ తూటా ధ్వనికన్నా నెమ్మదిగా, సెకనుకి వెయ్యి అడుగుల పైచిలుకు వేగంతో పోతుంది. దగ్గర్లో, తలకి తగిలితే నక్క పడుతుంది, కాస్త అటూఇటూ అయితే గాయంతో పొదల్లోకి పోయి రెండు రోజులు చస్తుంది. పైగా నెమ్మదైన సీసపు తూటా రాయికో గడ్డకట్టిన నేలకో తగిలి విరిగిపోకుండా పక్కకి ఎగురుతుంది. గురితప్పినది మైలు దాటి పోగలదు. 2002లో వచ్చిన .17 హెచ్ఎంఆర్ అనే ఇంకో రకం వేగమైనదే కానీ తూటా మరీ తేలిక, పదిహేడు గ్రెయిన్లు, అంటే గ్రాము పైచిలుకు. దానితో నక్కల్ని కొట్టేవాళ్ళున్నారు, దగ్గర్లో, చేయి తిరిగినవాళ్ళు. "నువ్వు వాళ్ళలో లేవు" అన్నాడు ఆయన.

చివరికి .22 హార్నెట్ దగ్గర ఆగాం. గొట్టం లోపలి వెడల్పు చూస్తే రిమ్‌ఫైర్‌దీ దీనిదీ ఇంచుమించు ఒకటే, అయిదున్నర మిల్లీమీటర్లు. తూటా బరువు చూస్తే ఇంకా నవ్వొస్తుంది. నేను వాడే హార్నెట్ తూటా ముప్ఫై అయిదు గ్రెయిన్లు, రెండు గ్రాముల చిల్లర, మామూలు .22 తూటా కన్నా తేలిక. కాకపోతే దాని వెనక మందు ఎక్కువ, వేగం దాదాపు మూడింతలు. నక్కలో దిగి లోపలే పిండైపోతుంది, అవతలివైపు నుంచి బయటికి రావడం తక్కువ. 1930లో వించెస్టర్ అమ్మడం మొదలెట్టిన పాత సరుకు ఇది. .223 అయితే ఇంకా దూరం, ఇంకా నిబ్బరం, నిజమే. కానీ మా ఎస్టేట్‌లో పొలాలు చిన్నవి, మధ్యలో రాతిగోడలు, గుట్ట అవతల ఇళ్ళు. నూట యాభై గజాలు దాటి నేను కాల్చాల్సిన అవసరం లేదు. శబ్దం కూడా తక్కువ. ఊళ్ళో పిల్లలు పడుకునే వేళ అదొక మర్యాద.

ఇక ఫారం. 201 అని దాని నంబరు. 1968 ఫైర్ఆర్మ్స్ చట్టం కింద పోలీసులిచ్చే సర్టిఫికెట్, అయిదేళ్ళు చెల్లుతుంది, అప్పట్లో ఫీజు ఎనభై ఎనిమిది పౌండ్లు. 2025లో ఒక్కసారిగా నూట తొంభై ఎనిమిది చేశారు. నా ఆరోగ్య చరిత్ర మీద డాక్టర్ దగ్గర్నుంచి కాగితం కావాలి: డిప్రెషన్ ఉందా, తాగుడుందా, మూర్ఛలున్నాయా. రెండేళ్ళకి తగ్గకుండా నన్నెరిగిన ఇద్దరు హామీదారులు కావాలి, చుట్టాలు పనికిరారు. ఒకరు మా పోస్టాఫీసు నడిపే ఆమె, ఇంకొకరు ఆఫీసులో టీమ్ లీడ్. ఆయన శాకాహారి, జంతు హక్కుల పిచ్చి ఉన్నవాడు. అయినా సంతకం పెట్టాడు. "నువ్వు తిక్కవాడివి కాదని మాత్రమే రాశాను. నువ్వు చేసేది మంచిపనని రాయలేదు" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ నచ్చుతుంది.

ఇక్కడ తుపాకీ హక్కు కాదు. ఎందుకు కావాలో ప్రతి రైఫిల్‌కీ విడివిడిగా కారణం చూపాలి. ఏ జంతువు, ఏ భూమి, ఆ భూమి యజమాని రాసిచ్చిన అనుమతి ఏది? తూటాల గడిలో హార్నెట్ అని రాయాల్సిన చోట, అంతకుముందు వారమంతా చదివిన .17 రాసేశాను. దాన్ని సరిచేయడానికి ఇంకో దఫా ఉత్తరాలు. మొత్తం ఏడు నెలలు పట్టింది.

ఇంటికి వచ్చిన ఎంక్వైరీ ఆఫీసర్ రెండు గంటలు కూర్చున్నాడు. టీ ఇచ్చాం, జంతికలు పెడితే మూడు తిన్నాడు. బీరువా చూశాడు. బీఎస్ 7558 ప్రమాణం ఉన్న ఉక్కు బీరువా, గోడలోకి బోల్టులతో బిగించింది, గట్టి గోడకే. చేత్తో ఊపి చూశాడు. తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదని చెప్పాడు. మా ఆవిడ పక్కనే ఉంది. ఆయన వెళ్ళాక, "పెళ్ళైన పన్నెండేళ్ళకి మనింట్లో నాకు తెలియని తాళం ఒకటి వచ్చింది" అంది. ఆయన ఆమెతో విడిగా కూడా మాట్లాడాడు. ఏమడిగాడంటే చెప్పదు. నన్నడిగినవాటిలో ఒకటి గుర్తుంది. నక్క గుట్ట శిఖరం మీద నిలబడింది, వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు, దూరం ఎనభై గజాలు. కాలుస్తావా? కాల్చనన్నాను. ఎందుకన్నాడు. గురితప్పినా, తగిలి దాటినా, తూటా ఎక్కడ దిగుతుందో నాకు తెలియదు కాబట్టి. ఆయన ఏదో రాసుకుని ఇంకో జంతిక తీసుకున్నాడు.

2023 వసంతంలో సర్టిఫికెట్ వచ్చింది. ఇక్కడ కొత్తవాళ్ళకి ఎక్కువగా ఇచ్చే 'క్లోజ్డ్' రకమే. పోలీసులు తగినదని ఒప్పుకున్న భూముల్లోనే కాల్చాలి. తూటాలు ఒకేసారి ఇన్ని కొనొచ్చు, దగ్గర ఇన్ని ఉంచుకోవచ్చు అని లెక్క ఉంటుంది, కొన్నప్పుడల్లా దుకాణంవాడు సర్టిఫికెట్ మీద రాస్తాడు, రేషన్ కార్డు మీద పంచదార రాసినట్టు. సెకండ్‌హ్యాండ్‌లో చెక్ దేశపు సీజెడ్ 527 కొన్నాను. ముద్దుగా ఉంటుంది, సన్నటి గొట్టం, వాల్‌నట్ కట్టె. దాని సేఫ్టీ మీట తిరకాసుది: మిగతా చాలా రైఫిళ్ళకి ముందుకి తోస్తే పేలడానికి సిద్ధమవుతుంది, దీనికి వెనక్కి లాగాలి. చీకట్లో బొటనవేలు తడబడకూడదని పెద్దాయన నాచేత నెలరోజులు ఖాళీ రైఫిల్‌తో, కళ్ళు మూసుకుని ఆ మీట లాగించాడు. మొదటి నెల నేర్చుకున్నది అంతే.

గురి సరిచూసుకోవడాన్ని వీళ్ళు జీరో చేయడం అంటారు. గుట్ట వాలు కింద నూరు గజాల్లో అట్టముక్క, ఇసుకసంచి మీద రైఫిల్. మొదటి మూడు తూటాలూ ఒకదాని పక్కనొకటి రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయి, కానీ నల్లచుక్కకి నాలుగంగుళాలు కుడిగా. స్కోప్ అంటే రైఫిల్ మీద గురిచూసే దుర్భిణి, దాని మీట ఒక క్లిక్కుకి ఆ దూరంలో పావంగుళం. పదహారు క్లిక్కులు. తర్వాతి మూడూ చుక్క అంచున. సంబరపడి అట్టని రెండొందల గజాలకి జరిపాను. చుక్కకి గురిపెడితే అయిదంగుళాలకి పైగా కింద పడింది. చిరుగాలి మొదలవగానే పక్కకీ జరిగింది. అంత తేలిక తూటా అంతే, మొదట్లో ఎంత ఉరుకుతుందో అంత త్వరగా అలిసిపోతుంది. నక్క గుండె ఊపిరితిత్తులు ఉండే చోటు అరచేతి కన్నా పెద్దది కాదు. నూట యాభై అనే హద్దుని ఆరోజే నూట ఇరవైకి కుదించుకున్నాను.

తర్వాత మూడు నెలలు ఆయన నన్ను కాల్చనివ్వలేదు. రైఫిల్ ఇంట్లో పెట్టి రమ్మనేవాడు. లైటు పట్టుకోవాలి, లేదా వేడిని చూపించే థర్మల్ కెమెరా పట్టుకోవాలి. బయల్దేరే ముందు పోలీసు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, ఫలానా చోట ఇద్దరం ఉంటామని చెప్పి లాగ్ నంబరు తీసుకునేవాళ్ళం, ఎవరైనా చీకట్లో లైట్లు చూసి కంగారుపడి ఫోన్ చేస్తే పనికొస్తుందని. మా పక్కనే నార్తంబర్లాండ్ డార్క్ స్కై పార్క్ ఉంది, 2013లో గుర్తింపు వచ్చింది. మబ్బులేని రాత్రి పాలపుంత మా ఊళ్ళో కరెంటు పోయినప్పుడు కనిపించినట్టు కనిపిస్తుంది. అందులో కూర్చుని గొర్రెల్ని లెక్కపెట్టడం నా పని. ఎర్రటి అద్దం వేసిన లైటులో గొర్రెల కళ్ళు గుంపులు గుంపులుగా, బద్ధకంగా మెరుస్తాయి. నక్క కళ్ళు అలా ఉండవు. దగ్గరదగ్గరగా, చురుగ్గా వెలిగి, ఆరి, నాలుగు గజాల అవతల మళ్ళీ వెలుగుతాయి. అయినా కళ్ళు చూసి కాల్చకూడదు. మెడ, చెవులు, తోక, మొత్తం ఒళ్ళు కనిపించాలి.

జులైలో ఒకరాత్రి కెమెరాలో తెల్లటి ఆకారం, పొట్టి కాళ్ళు, గోడ వారగా వస్తోంది. "నక్క" అన్నాను గట్టిగా నమ్మకంతో. ఆయన లైటు వేశాడు. బ్యాడ్జర్, బొరియల్లో ఉండే ఇంకో జంతువు. దానికి ప్రత్యేకంగా 1992 నాటి చట్టముంది, చంపితే జైలు. ఇంకోసారి నేను నక్కన్నది పోస్టాఫీసావిడ పిల్లి, నా ఫారం మీద సంతకం పెట్టిన ఆవిడ. ఆ రెండోదాని తర్వాత, ఆయన రైఫిల్ ఎందుకు ఇంట్లో పెట్టి రమ్మంటున్నాడో అడగడం మానేశాను.

నవంబరులో మొదటి అవకాశం. గోధుమ కోసిన చేను, తొంభై గజాలు, వెనక మెత్తటి వాలు, గొర్రెల్లేవు. నక్క పక్కకి తిరిగి ఎలుకల కోసం చెవులు రిక్కించింది. అన్నీ కుదిరాయి. పేల్చాను. దాని వెనక ఎడమగా మట్టి లేచింది. నక్క గాల్లోకి ఎగిరి, ఒక్క గెంతులో గోడ దాటింది.

తగల్లేదని నాకు తెలుసు. ఆయన ఒప్పుకోలేదు. తాడు కట్టిన ముసలి లాబ్రడార్‌ని తీసుకుని, నక్క నిలబడ్డ చోటునుంచి గోడదాకా, గోడ అవతల కొండకాలువ దాకా, చొప్ప మీద నెత్తుటి చుక్క ఉందేమోనని టార్చితో రాత్రి ఒంటిగంటదాకా వెతికాం. ఏమీ లేదు. మర్నాడు పొద్దున అట్ట పెట్టి చూస్తే తూటాలు ఏడంగుళాలు ఎడమకి పడుతున్నాయి. ముందురోజు ల్యాండ్‌రోవర్ తలుపు స్కోప్‌కి కొట్టుకోవడం నేను విన్నాను, ఏం కాదులే అనుకున్నాను. బ్యాటరీ తర్వాత ఇది రెండోది. "చదువుకున్న నక్కని తయారుచేశావు" అన్నాడు పెద్దాయన. ఆ మాట అక్షరాలా నిజమైంది. ఆ చేలో ఒక నక్క ఆ తర్వాత లైటు వెలగగానే, వెనక్కి కూడా చూడకుండా పోయేది. దాన్ని మేం చలికాలమంతా చూశాం, ఎప్పుడూ వెనకనుంచే.

జనవరిలో ఆడనక్కల అరుపులు మొదలవుతాయి. మొదటిసారి విన్నప్పుడు ఎవరో ఆడమనిషిని పొడుస్తున్నారనుకుని మా ఆవిడ లేచి కూర్చుంది. జతకట్టాక ఏడెనిమిది వారాల్లో పిల్లలు. ఏప్రిల్లో ఇక్కడి గుట్టల మీద గొర్రెలు ఈనతాయి, నేలమీద గుడ్లుపెట్టే పక్షులూ అప్పుడే కూర్చుంటాయి. అందుకే ఫిబ్రవరి, మార్చి కీపర్లకి తీరికలేని నెలలు.

2024 మార్చి మొదటి వారం, నేల గట్టిగా గడ్డకట్టిన రాత్రి. గోడ వారగా కూర్చున్నాం. పెద్దాయన చేతి వెనకభాగానికి పెదాలు ఆనించి చప్పరించాడు. సన్నగా, కుందేలు పిల్ల ఏడ్చినట్టే ఉంటుంది. మూడోసారికి పసుపు పూల ముళ్ళపొదల్లోంచి బయటికొచ్చింది. డెబ్భై గజాలు. స్కోప్ గీతలు దాని భుజం వెనక నిలిచాయి. కానీ దాని వెనక, బాగా వెనక, పడుకున్న ఒక గొర్రె వీపు. వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉంచాను. నక్క మా వైపు పదడుగులు నడిచింది, కూర్చుంది, కుక్కలాగా చెవి గోక్కుంది. చలికి నా కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అది లేచి, పక్కకి తిరిగి ఇంకో నాలుగడుగులు వేసి ఆగింది. ఇప్పుడు వెనక గుట్ట మట్టి తప్ప ఏమీ లేదు. మీట వెనక్కి లాగాను.

చప్పుడు కన్నా, ఆ వెంటనే వినపడిన రెండో చప్పుడు నాకు గుర్తు. తడి దుప్పటిని కర్రతో కొట్టినట్టు, మెత్తగా. నక్క ఉన్నచోటే కూలింది. పెద్దాయన భుజం మీద చెయ్యేసి ఆపాడు. ఇంకో తూటా ఎక్కించి, స్కోప్‌లోంచి చూస్తూ రెండు నిమిషాలు. తర్వాత నడిచివెళ్ళి, కర్ర కొసతో కనుగుడ్డు తాకమన్నాడు. కదల్లేదు.

మగది. స్ప్రింగు కాటాకి తగిలిస్తే ఆరు కిలోల నాలుగొందలు. దూరంనుంచి ఎర్రగా కనిపించేది దగ్గరికొస్తే ఎన్నో రంగులు. మోకాళ్ళదాకా నల్ల మేజోళ్ళు తొడిగినట్టు కాళ్ళు, తోక కొసన తెల్లకుచ్చు, వీపు మీద ఒక్కో వెంట్రుకకీ మూడు రంగులు. ముందుకాలికి ఒక వేలు లేదు, పాత గాయం, మానిపోయి నున్నగా ఉంది. పళ్ళు అరిగిపోయాయి. చొక్కా గుండీ బెజ్జమంత రంధ్రం, వెతికితే గానీ కనపడలేదు, అవతల ఏమీ లేదు. చలికి దాని ఒంటిమీంచి ఆవిరి లేస్తోంది. ఘాటు వాసన, రెండు రోజులు చేతి తొడుగుల్ని వదల్లేదు. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న నా చేతులు కాటా పట్టుకున్నప్పుడు వణికాయి. ఆయన చూసి, చూడనట్టు ఫ్లాస్కులోంచి టీ పోశాడు.

అమ్మకి ఫోన్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "అది నీ కోళ్ళు తిందా నాయనా?" అంది. ఇది కాదమ్మా అన్నాను. "మరి?" ఆ 'మరి'కి నా దగ్గర ఇప్పటికీ సగం జవాబే ఉంది. డబ్బున్నవాళ్ళు కాల్చుకోవడానికి పెంచే పక్షుల కోసం నక్కని చంపడం సబబేనా అని టీమ్ లీడ్ అడిగితే, గట్టిగా అవునని అనలేను. కానీ మా దగ్గర్లోనే ఆటర్‌బర్న్‌లో 2000 నుంచి 2008 దాకా ఒక ప్రయోగం చేశారు. కొన్నిచోట్ల నక్కల్ని, కాకుల్ని అదుపులో పెట్టి, కొన్నిచోట్ల వదిలేసి, నేలమీద గూడుకట్టే పక్షుల్ని లెక్కపెట్టారు. అదుపు ఉన్నచోట కర్లూ, ల్యాప్‌వింగ్, గోల్డెన్ ప్లోవర్లు పిల్లల్ని పెంచుకోగలగడం సగటున మూడింతలైంది. కర్లూ 2015 నుంచి బ్రిటన్‌లో ముప్పున్న పక్షుల ఎర్రజాబితాలో ఉంది. పొడుగాటి వంపు ముక్కు పక్షి. ఆ జాతి పక్షులే చలికాలం మన కోరింగ బురదల్లోనూ దిగుతాయి. మా గుట్టమీద ఒక జత ఉంది. వాటికోసమైతే అవునని అంటాను. ఫెజెంట్ల కోసం అంటే, బీటింగ్‌కి ఇప్పటికీ వెళ్తున్నాను, కూర ఇప్పటికీ తింటున్నాను, కాబట్టి ఆ వాదనలో నాకు పెద్ద నోరు లేదు.

ఏప్రిల్, మే నెలల్లో నేను వెళ్ళను. పాలిచ్చే తల్లిని కాల్చి, బొరియ ఎక్కడో కనిపెట్టకపోతే లోపల పిల్లలు ఆకలితో చస్తాయి. బొరియ వెతికి పని ముగించడం పెద్దాయన చేస్తాడు. రమ్మన్నాడు ఒకసారి. రాలేనన్నాను. ఏమీ అనలేదు.

మొదటి ఏడాది పుస్తకంలో రాసుకున్న లెక్క ఇది: వెళ్ళిన రాత్రులు నలభై ఒకటి, నక్కల మీద పేల్చిన తూటాలు అయిదు, పడిన నక్కలు నాలుగు. అట్టల మీద పేల్చినవి నూట అరవై దాటాయి. ఖాళీ అయిన చోటుకి రెండు మూడు వారాల్లో ఇంకో నక్క వస్తుంది. ఇది పూర్తయ్యే పని కాదు. కలుపు తీసినట్టే, ఆ నెలకి ఆ నెల.

మొన్న జులైలో కొత్త పిల్లలు వచ్చాయి. గురువారం బ్యాటరీ మార్చాను, బుధవారం కూడా మార్చాను. చీకటి పడ్డాక రైఫిల్ భుజానేసుకుని దొడ్డి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, థర్మల్‌తో అటూఇటూ చూశాను. రాతిగోడకి అవతల అరవై గజాల్లో నక్క కూర్చుని ఉంది, దొడ్డివైపు చూస్తూ. దూరం సరిపోతుంది, వెనక గట్టి గుట్ట, గాలి లేదు. గోడ అవతలి భూమి వేరేవాళ్ళది, నా కాగితంలో లేదు. కాసేపు నేను దాన్ని చూశాను. అది ఒకసారి నావైపు తిరిగి, మళ్ళీ పిల్లల వైపు చూసింది. తీగ మీద గడ్డి పోచ వాలి టిక్కు టిక్కుమంటుంటే దాన్ని తెంపి, ఇంటికొచ్చి, తూటాలు ఒకచోట రైఫిల్ ఒకచోట పెట్టి తాళమేశాను.

"ఎక్కడ దాస్తావో నాకు తెలుసులే" అంది మా ఆవిడ నిద్రలో. మర్నాడు తాళంచెవి చోటు మార్చాను.